జులైలో నాటిన మొక్కకి మార్చిలో నీళ్లెవరు పోస్తారు?

జులై 1 వస్తోంది. రోటరీ, లయన్స్ క్లబ్బుల్లో కొత్త ప్రెసిడెంట్లు బాధ్యత తీసుకునే రోజు. బెంగళూరులో ఈ క్లబ్బుల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు: డాక్టర్లు, బిల్డర్లు, ఆడిటర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఇన్‌స్టలేషన్ (పదవీ స్వీకార సభ) అయిన ఒకటి రెండు వారాల్లోనే ఏ పార్కులోనో, చెరువు గట్టునో మొక్కలు నాటడం చాలా చోట్ల ఆనవాయితీ. మంచి పనే. మేం అడగాలనుకున్నది ఒక్కటే: పోయినేడు నాటినవాటిలో ఇప్పుడు ఎన్ని బతికున్నాయి?

మేం చూసిన ఒక చెరువు గట్టు మీద ఇనుప ట్రీ గార్డులు వరసగా నిలబడి ఉన్నాయి, వాటి మీద క్లబ్బు పేరు, ఆ ఏటి ప్రెసిడెంట్ పేరు ఇంకా చెరగలేదు, లోపల ఉన్నది మాత్రం ఎండు పుల్ల. బాధేసింది, ఎందుకంటే నాటినవాళ్లు మనస్ఫూర్తిగానే నాటారు. చిక్కంతా క్యాలెండర్‌తో వస్తోంది. జులైలో నాటిన మొక్కని అక్టోబర్ దాకా వానలు చూసుకుంటాయి. ఫిబ్రవరిలో ఎండ ముదిరేసరికి ప్రెసిడెంట్‌కి పదవి చివరి నెలలు, తర్వాత రాబోయేవాళ్లకి తమ సొంత ప్రాజెక్టుల టెన్షన్. మొక్క తన కాళ్ల మీద తాను నిలబడాలంటే కనీసం రెండు మూడు వేసవులు దాటాలి.

పదవి ఏడాదే కదా, ఏం చేస్తాం అంటారేమో. పోలియో సంగతి గుర్తు చేసుకోండి. రోటరీ 1985లో ఆ పని మొదలుపెట్టింది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, పోలియో లేని ప్రాంతంగా సర్టిఫికెట్ 2014 మార్చిలో దక్కింది. ఇన్నేళ్లలో ఎంతమంది ప్రెసిడెంట్లు మారారో లెక్కలేదు, పని మాత్రం చేతులు మారుతూ నడిచింది. అదే రోటరీ 2020లో పర్యావరణాన్ని కూడా తన ముఖ్య రంగాల్లో చేర్చుకుంది. పోలియోకి చూపిన ఓపికే దీనికీ చూపించమని అడుగుతున్నాం.

నీళ్ల విషయానికొస్తే, 2024 వేసవి ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తెల్లవార్లూ మెసేజ్‌లు. తాగునీటితో తోట తడిపితే 5,000 రూపాయలు జరిమానా అని జలమండలి ఆ మార్చిలోనే ప్రకటించింది. మరి గట్టు మీది మొక్కకి నీళ్లెక్కడివి? పెద్ద అపార్ట్‌మెంట్లలో శుద్ధి చేసిన మురుగు నీరు వాడకానికి మించి మిగిలి డ్రైనేజీలోకి పోతుంటుంది. ఆ అపార్ట్‌మెంట్లలో ఉండేది క్లబ్బు సభ్యులే, కొన్ని చోట్ల అసోసియేషన్ సెక్రటరీలూ వాళ్లే. వారానికి రెండు ట్యాంకర్లు ఆ నీళ్లు గట్టుకి పంపడం వాళ్ల చేతిలో పని.

ఇంకుడు బావులు తవ్వించడం అంతకంటే పెద్ద పని, మా లెక్కలో మొక్కల కంటే ముందు చేయాల్సిన పని. ఈ ఊళ్లో ఏటా సగటున 900 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అంటే 30 అడుగులు బై 40 అడుగుల చిన్న సైట్ మీదే దాదాపు లక్ష లీటర్లు. అందులో చాలా భాగం మోరీ పాలవుతోంది. బావులు తవ్వడం తరతరాలుగా వచ్చిన విద్యగా ఉన్న మన్ను వడ్డర్లు (మన వైపు వడ్డెరలంటాం) సర్జాపుర పక్కన భోవిపాళ్యలో ఉన్నారు, ఇళ్లల్లో తెలుగే మాట్లాడతారు. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాత బావుల్ని మళ్లీ బాగుచేసిందీ వాళ్ల చేతులే. వీళ్లకి ఏడాది పొడవునా పని దొరికితే నీళ్లూ దిగుతాయి, ఆ ఇళ్లల్లో పొయ్యీ వెలుగుతుంది. మన భాషవాళ్లే ఇంత దగ్గర్లో ఉన్నారని మన క్లబ్బుల్లో ఎందరికి తెలుసు?

తెలుగు సంఘాలకీ ఒక మాట. కార్తీక వనభోజనాలకి ఉసిరి చెట్టు కింద కూర్చుని, లేచేటప్పుడు ఆ చెట్టు కిందే ప్లాస్టిక్ గ్లాసులు వదిలేసి రావడం మనకి తగదు. వంద స్టీలు కంచాలు ఒక్కసారి కొనుక్కుంటే ఏళ్ల తరబడి వస్తాయి.

ఈ ఏడాది కొత్త కమిటీలకి మా విన్నపం ఇది. దిగిపోయే, ఎక్కే, వచ్చే ఏడాది ఎక్కబోయే ప్రెసిడెంట్లు ముగ్గురూ కలిసి ఒకే చోటు ఎంచుకోండి, మూడేళ్లకి రాసుకోండి. వందకి బదులు ముప్పై నాటినా ఫర్వాలేదు, తోటమాలి జీతం, నీళ్ల ఖర్చు మొదటి రోజే పక్కన పెట్టండి. బావులు తవ్వించేట్టయితే ఆగస్టులోపు పూర్తి చేయించండి, ఇక్కడ గట్టి వానలు సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే. ఇన్‌స్టలేషన్‌కి ముందు ఒక ఆదివారం పొద్దున్నే పాత ప్రెసిడెంట్‌ని వెంటబెట్టుకుని పోయినేటి గట్టుకి వెళ్లి, బతికున్నవి లెక్కపెట్టుకుని రండి. ఆ లెక్క మాకు పంపితే, ఎంత తక్కువగా ఉన్నా సరే, అచ్చు వేస్తాం. వచ్చే జూన్‌లో మళ్లీ అడుగుతాం.