గొడుగు వద్దన్నందుకు

ఫిబ్రవరి చివరి ఆదివారం మా మామగారిని గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి తీసుకువెళ్ళడంలో నా ఉద్దేశం పక్షులను చూపించడం ఒక్కటే కాదు. కొత్తగా కొన్న బైనాక్యులర్‌నూ, అంతకంటే కొత్తగా సంపాదించిన పక్షిశాస్త్ర పరిజ్ఞానాన్నీ కూడా చూపించడం. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆయన కాయను చేత్తో తడిమి తేమ ఎంతో చెప్పగలరు గాని, పొడుగు కాళ్ళతో నీళ్ళ దగ్గర నిలబడిన ప్రాణి ఏదైనా ఆయన దృష్టిలో కొంగే.

బయలుదేరేటప్పుడు ఆయన గొడుగు చంకన పెట్టుకున్నారు. నల్లని వస్తువును చూస్తే పక్షులు బెదురుతాయని నేను ఎక్కడో చదివాను, లేదా చదివానని ఆ క్షణంలో గట్టిగా నమ్మాను. అల్లుడి మాట కాదనలేక ఆయన దానిని మళ్ళీ తలుపు వెనక తగిలించారు.

చెరువు మధ్య తుమ్మచెట్ల నిండా గూళ్ళే. “ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయట కదండీ,” అన్నారు మామగారు భక్తిగా. ఎర్రకాళ్ళ కొంగలైనా, గూడబాతులైనా మన ఉపఖండంలోనే పుట్టి పెరిగేవనీ, నీటినీ చేపలనూ వెతుక్కుంటూ ఈ ప్రాంతాల మధ్యనే తిరుగుతాయనీ నేను వివరించాను. ఆయన ముఖం చిన్నబోయింది. “మనవేనా! ఈ మాత్రానికి ఆటో ఎందుకు కట్టించారు?” అన్నారు.

గూడబాతు ముక్కు కింద వేలాడే సంచిని చూశాక మాత్రం ఆయన కొంత ప్రసన్నులయ్యారు. సంచి ఇంటి దగ్గరనుంచే తెచ్చుకుని బజారుకు వచ్చే జీవి ఆయనకు ఎప్పుడూ నచ్చుతుంది. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే పక్షిని చూపించి, దాని పేరు నత్తగుల్ల కొంగ అని నేను అనగానే, “నేను మొదటినుంచీ కొంగ అనే అంటున్నాను,” అన్నారు. శాస్త్రం ఆయన పక్షానే ఉండడం నాకు కొంత కష్టం కలిగించింది.

అప్పుడే బూడిదరంగు పక్షి ఒకటి కనిపించింది. ఏదో అరుదైన జాతి దొరికిందన్న ఆనందంతో నేను పుస్తకమంతా తిరగేస్తుంటే, గేదెలు తోలుకుపోతున్న కుర్రవాడు ఆగి, “ఎర్రకాళ్ళ కొంగ పిల్లండీ అది. పెద్దదైతే రంగొస్తుంది,” అని చెప్పి వెళ్ళిపోయాడు. మామగారు మర్యాదస్తులు కనుక ఎటో చూశారు.

పోయిన పరువు నిలబెట్టుకోవడానికి నేను గట్టు మీది చెట్టు నీడన చేరి పెద్ద పాఠమే మొదలుపెట్టాను. పక్షులకు చెమట పట్టదనీ, అందువల్ల ఎండ ముదిరినప్పుడు కొంగజాతి పక్షులు తమ కాళ్ళ మీదనే రెట్ట వేసుకుంటాయనీ, ఆ తడి ఆరేకొద్దీ కాళ్ళలో పారే రక్తం చల్లబడుతుందనీ చెబుతూ, ఎండలోనే నిలబడి వింటున్న ఆయనను, “నీడలోకి రండి మామయ్యగారూ,” అని రెండుసార్లు పిలిచాను. ఆయన నేలవైపు ఒకసారి, కొమ్మలవైపు ఒకసారి చూసి, “పర్వాలేదు అల్లుడుగారూ, మీరు ఉండండి,” అన్నారు. ఆ చెట్టు కింద నేలంతా సున్నం చల్లినట్టు ఎందుకున్నదో ఆయన ఆలోచించారు. బైనాక్యులర్ ఉన్నవాడిని, దగ్గరి వస్తువులు చూసే అలవాటు నాకు తప్పిపోయింది.

పడినది కాస్త కాదు. చేపలు తిని బతికే ప్రాణి ప్రసాదం ఎలా ఉంటుందో వర్ణించను. మెడ మీదుగా చొక్కాలోకి దిగి, పుస్తకంలో సరిగ్గా కొంగల పేజీ మీద ఆగింది. మామగారు కండువా అందిస్తూ, “మీ మెడ తన కాలనుకుందేమో,” అన్నారు, ఎంతో సానుభూతిగా.

తిరుగు ప్రయాణంలో గుంటూరు బస్సు కిటకిటలాడుతున్నది. నేను ఎక్కి కూర్చున్న రెండు నిమిషాలకు నా పక్క సీటు ఖాళీ అయింది. ముందు సీటువారు కూడా లేచి నిలబడ్డారు. కడ్డీ పట్టుకుని దూరంగా నిలబడిన మామగారిని, వచ్చి కూర్చోండని పిలిచాను.

“పర్వాలేదు అల్లుడుగారూ,” అన్నారాయన, “మీరు ఉండండి.”