ఉప్పుగాలి సంగతీ రాయాల్సింది

పాత ఆంప్లిఫైయర్ కొనేముందు కెపాసిటర్లు (లోపల కరెంటును నిలవ ఉంచే భాగాలు) చూపించుకోమని మీ వ్యాసంలో రాశారు, మంచి మాట. కానీ మా విశాఖలో ఉప్పుగాలికి లోపలి లోహపు భాగాలు తుప్పుపడతాయి, ఆ సంగతీ చూసుకోవాలి. లాసన్స్ బే కాలనీలో మా మిత్రుడి దగ్గర 1970ల నాటి మరాంట్జ్ 2270 (రేడియో కూడా ఉన్న ఆంప్లిఫైయర్) ఉంది. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగర, ఉన్నట్టుండి ఎడమ స్పీకర్ మూగబోయేది. కాంటాక్ట్ క్లీనర్ (లోపలి మురికి వదిలించే స్ప్రే) కొట్టి, నాబ్‌ని అటూ ఇటూ బాగా తిప్పాక గొంతు తిరిగొచ్చింది. స్పీకర్ అంచున ఫోమ్ (స్పాంజ్ లాంటి మెత్తటి పట్టీ) ఉంటే వేలితో తాకి చూడండి. పొడిలా రాలితే మార్పించాల్సిందే.

ఆదివారాలు అందరం ఆ మిత్రుడి ఇంట్లోనే చేరతాం. ముందు పాట, తర్వాతే భోజనం. వంజరం పులుసు తిన్న చేత్తో రికార్డు ముట్టుకోనివ్వడు, న్యాయమే కదా! అన్నాల దగ్గర మాత్రం ఒకటే వాదన, బాస్ (పాటలోని లోతైన ధ్వని) ఎక్కువైందా, గది చిన్నదా అని. నేనైతే గదే అంటాను. స్పీకర్లను గోడ నుంచి మూరెడు ఇవతలికి జరపగానే ఆ హోరు తగ్గింది మరి.