రుట్ నంబరు గారికి ఒక విన్నపం

చిలీ దేశంలో ప్రతివారికీ గుర్తింపు సంఖ్యయైన మహారాజశ్రీ రుట్ నంబరు గారి దివ్య సముఖానికి, ఆ దేశపు తెముకో పట్నం నుంచి ఇంగ్లీషు నేర్పే ఒక వాలంటీరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలమే. నేనే, నిన్న మధ్యాహ్నం నుంచి కాదు.

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు మా వైపు. చిలీలో ఆ శాఖ తమరు చూస్తున్నారని దిగిన వారానికే అర్థమైంది. మందుల షాపులో జలుబు మాత్ర అడిగితే "రుట్?" సూపర్ మార్కెట్‌లో రెండు మర్రకేతా రొట్టెలు కొంటే "రుట్?" ఆన్‌లైన్ ఫారం తెరిస్తే "చుక్కలు లేకుండా, గీతతో" రాయమని ఆజ్ఞ. నా పాస్‌పోర్టు నంబరు అక్షరంతో మొదలవుతుంది. ఆ గడి దాన్ని చూడగానే ఎర్రబడింది.

నేనుండే ఇంటి సెన్యోరా జాలిపడింది. "నాది చెప్పెయ్, మిహీతా, నాకు షాపు పాయింట్లన్నా పడతాయి" అంది. మూణ్ణెల్లు ఆవిడ నంబరు మీదే బతికా. మా అమ్మ ఫోన్ నంబరు ఇప్పటికీ చూడకుండా చెప్పలేను. సెన్యోరా రుట్ మాత్రం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తా.

చివరికి నా కార్డూ వచ్చింది. పోతుందేమోనని బీరువాలో చలికోటు కింద దాచి, నంబరు బట్టీపట్టా. తప్పంతా అక్కడే జరిగిందని ఒప్పుకుంటున్నా.

నిన్న పార్సిల్ తెచ్చుకోడానికి వెళ్లా. పిల్లల కోసం ఇంటి నుంచి తెప్పించిన కథల పుస్తకాలు. నా చీటీ 84, బోర్డు మీద 31. గంటన్నర తర్వాత అద్దం వెనకావిడ "రుట్?" అంది. గొంతు సవరించుకుని, మూడేసి అంకెల చొప్పున, చివర "గియోన్ కా" (అంటే గీత, కె) అని కూడా కలిపి, పద్యంలా చదివా. ఆవిడ కొట్టి చూసింది. "నో ఎక్సిస్తె." లేదట! మళ్లీ చదివా. మళ్లీ లేదు. మూడోసారికి వెనక క్యూలోంచి ఒకాయన నాకు సాయంగా చదవబోయాడు.

సెసెంతా అంటే అరవై. సెతెంతా అంటే డెబ్భై. మధ్యలో ఒక్క హల్లు తేడా. అసలే ఇక్కడివాళ్లు మాట చివర "స" దొరికితే మింగేస్తారు. ఆ రెండిట్లో ఏది నాదో నా నాలుక్కి ఇంకా తేలలేదు.

పోనీ తమరైనా సర్దుకుంటారా అంటే, లేదు. కుడి నుంచి ఒక్కో అంకెనూ 2, 3, 4, 5, 6, 7తో గుణించి, అయిపోతే మళ్లీ 2తో మొదలెట్టి, అన్నీ కూడి, 11తో భాగించి, మిగిలింది 11లోంచి తీసేసి, వచ్చినదాన్ని గీత తర్వాత తోకలా తగిలిస్తారు. 10 వస్తే ఒక్క అంకెలో పట్టదు కనుక కె. నా తోక అదే. దాంతో ఒక్క అంకె తప్పు పలికినా తమరు పట్టేస్తారు. నా ఏడో తరగతి పిల్లలు థర్టీన్‌నీ థర్టీనీ ఒకలాగే పలుకుతారు. నేను వేళ్లు చూపించి, నవ్వించి, దగ్గరికి లాక్కొస్తా. పొరపాటు పలికితే నువ్వు పుట్టనే లేదు పొమ్మనలేదే ఏనాడూ!

అసలు నువ్వెవడివయ్యా నేను లేనని చెప్పడానికి? మీ దేశంలో పదకొండు అంటే సాయంత్రం ఏడింటికి తాగే టీ. "అల్ తీరో" అంటే తక్షణం, దాని తక్షణం ఎంతో చెప్పేవాడు నాకింతవరకూ కనబడలేదు. ఇన్నిటికీ లేని పట్టింపు నా ఒక్క హల్లుకే వచ్చిందా?

కాగితమ్మీద రాసిచ్చేసరికి "సె కాయో ఎల్ సిస్తేమా" అన్నారు. సిస్టం పడిపోయిందట. ఎక్కడ పడిందోనని ఒక్క క్షణం నేల వైపు చూసినమాట నిజం. కౌంటర్లు మూసేశారు. వానలో, కట్టెల పొగలో, వట్టి చేతుల్తో ఇంటిదారి పట్టా.

దారిలో మర్రకేతాలు కొన్నా. "రుట్?" అంది కుర్రది, తలెత్తకుండానే. నోరు దానంతటదే సెన్యోరా నంబరు గడగడా చెప్పేసింది. దాన్లోనూ ఒక సెతెంతా ఉంది. ఎక్కడా తడబడలేదు.

పాయింట్లు ఆవిడకే పడ్డాయి.

ఇట్లు,
చుక్కలు లేకుండా, గీతతో,
తమ విధేయురాలు