వయసు మీదకి నెట్టేయకండి

"వయసైపోయింది కదండీ, పడిపోయారు." మా కోనసీమలో ఏ ఇంట్లో పెద్దాళ్ళకి తుంటి ఎముక విరిగినా పరామర్శకొచ్చిన వాళ్ళు అనే మాట ఇదే. ఆయ్, వయసు సంగతి నేనూ కాదనను. కానీ బాత్రూమ్‌లో పాలిష్ టైల్స్ వేయించింది వయసా? మంచం ఒక మూల, లైటు స్విచ్ ఇంకో మూల పెట్టించింది వయసా?

అమలాపురం నుంచి పాలకొల్లు దాకా చూడండి, గల్ఫ్ డబ్బో, అమెరికా డబ్బో, రొయ్యల చెరువుల డబ్బో, పెంకుటిళ్ళు పడగొట్టి మేడలు లేపుతున్నారు. ఎలివేషన్‌కి లక్షలు పోస్తారు. నేల అద్దంలా మెరవాలి. గృహప్రవేశం నాడు అందరూ మెచ్చుకుని భోంచేసి వెళ్ళిపోతారు, మర్నాటి నుంచి దాని మీద తడికాళ్ళతో నడవాల్సింది డెబ్బై అయిదేళ్ళ అత్తగారు. పాత ఇళ్ళు స్వర్గమని అనట్లేదు. జానెడేసి గడపలూ, దొడ్లో పాచిపట్టిన చప్టా అక్కడా ఉండేవి. కాకపోతే ఏళ్ళ తరబడి దాటిన గడప కాలికి అలవాటే. కొత్త ఇంట్లో అందం కోసం హాలు మధ్యలో పెట్టిన ఒక్క మెట్టు, అదీ నేల రంగులోనే, శుక్లాలొచ్చిన కంటికి ఆనదు. బైఫోకల్ జోడు ఉందంటే మరీ కష్టం. కిందకి చూస్తే చదువుకునే అద్దంలోంచి మెట్టు మసగ్గా కనిపిస్తుంది.

అసలు గొడవేంటంటే, పడ్డామని వాళ్ళు చెప్పరు. మా పెద్దమ్మ మోచెయ్యి నల్లగా కమిలి ఉంటే ఏమైందని అడిగాను. "తలుపు తగిలిందే" అంది. బాత్రూమ్‌లోకి వెళ్ళి చూద్దును కదా, తువ్వాళ్ళు ఆరేసే రాడ్డు ఒక పక్క గోడలోంచి ఊడొచ్చి, ఇంకో పక్క స్క్రూ మీద వేలాడుతోంది. జారుతూ దాన్నే పట్టుకుందన్నమాట. నిలదీస్తే గొంతు తగ్గించి, "అన్నయ్యకి చెప్పకే. తెలిస్తే హైదరాబాద్ తీసుకుపోయి ఆ ఫ్లాట్‌లో పడేస్తాడు. ఇక్కడైతే గుడిదాకా అయినా వెళ్ళొస్తాను" అంది.

ఆవిడ భయంలో తప్పేం ఉంది? పడ్డారని తెలియగానే మనం చేసేది అదేగా. "నువ్వు కదలకు, అన్నీ నేనందిస్తా" అంటాం. ప్రేమే, కాదనను. కానీ కూర్చోబెట్టిన కొద్దీ తొడల్లో బలం తగ్గిపోతుంది, ఈసారి లేచినప్పుడు ఇంకా తేలిగ్గా పడతారు. నడవనివ్వండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కిటికీ ఊచలు పట్టుకుని మడమలెత్తి దించడం, పక్కన ఒకరు నిలబడి రోజూ చేయించండి చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ గాయాలై పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అందులో 60 దాటిన వాళ్ళే ఎక్కువ. హెల్మెట్ గురించి పోట్లాడతాం, దీని గురించి మాట్లాడం.

మాత్రలు కూడా ఒకసారి చూడండి. బీపీ మాత్ర, నీళ్ళు పోయే మాత్ర, నిద్రమాత్ర, పాత చీటీ మీదే ఏళ్ళ తరబడి తెచ్చి వేసేస్తుంటారు. అర్ధరాత్రి ఒంటేలుకని గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మంచం అంచున కాసేపు కూర్చుని లేవమనండి. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపకండి, చీటీ మొత్తం డాక్టరుకి చూపించి ఇవన్నీ ఇంకా అవసరమా అని అడగండి.

ఇక బాత్రూమ్. తువ్వాళ్ళ రాడ్డు మనిషి బరువు ఆపదు. గోడకి డ్రిల్ కొట్టి ఫాస్టెనర్లతో బిగించే స్టీలు పట్టుకమ్మీలు దొరుకుతాయి, కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి పెట్టించండి. "ఆసుపత్రిలా ఉంటుంది" అని మా వదిన అంది. ఉండనీ. సంక్రాంతికి బరిలో ఒక్క కోడి మీద కాసే డబ్బు కూడా అవదు ఆ ఖర్చు.

అన్నయ్యా, నువ్వు ఇది చదువుతావని తెలిసే రాశాను. పండక్కి వచ్చేటప్పుడు ఆవిడకి టికెట్ బుక్ చెయ్యకు, డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకురా.