గాలిలో కలిసిపోయిన నీటి చుక్క గారికి

మహారాజశ్రీ నీటి చుక్క గారికి,

నమస్కరించి రాయునది. హోరుగాలిలో తమరెలా చెదిరిపోతారో బొమ్మ తీద్దామని కూర్చుంటే, ఈ మధ్యాహ్నం తమరు సూది చివరి నుంచి 43 సార్లు దయచేశారు. ఖాళీ గాలి 29 సార్లు కెమెరాకు చిక్కింది, తెల్లటి తుంపర 13 సార్లు. మిగిలిన ఒక్కదాని సంగతి తరువాత.

తమరి వ్యాసం 2 మిల్లీమీటర్లు. ఎదురుగాలి సెకనుకు 19 మీటర్ల దాకా ఉంటే తలతన్యత తమరిని ఎలాగో పట్టి ఉంచుతుంది. అక్కడికి వెబర్ సంఖ్య, అంటే గాలి తోపు తలతన్యత పట్టుకు ఎన్ని రెట్లో చెప్పే లెక్క, 12. కొందరు 11 అంటారు, ద్రవం జిగటదైతే ఆ జిగటను లెక్కలోకి తెచ్చే ఓనెసోర్జ్ సంఖ్యను కూడా అడిగి రమ్మంటారు. సరే, ఎవరి లెక్క వారిది.

నా బాధ వేరు. గాలిని సెకనుకు 100 మీటర్లకు పెంచితే తమరి చెదురుబాటుకు కొలబద్దగా వాడే కాలం మిల్లీసెకనులో సగం పైచిలుకు. నా కెమెరా సెకనుకు 10,000 బొమ్మలు తీస్తుంది. అంటే ఆ కాలంలో నా వాటా ఆరు. ఆ ఆరింటిలోనూ తమరు తుంపరను ముసుగులా కప్పుకుంటారు! వెబర్ సంఖ్య 350 దాటితే చుక్క ఒక్కసారిగా బద్దలైపోతుందని, ఆ ముసుగు నీడలు చూసి పెద్దలు ఏళ్ల తరబడి నమ్మారు. 2008లో థియోఫానస్, లీ అనే పరిశోధకులు లేజర్‌కు మెరిసే రంగు కలిపి చూశారు. లోపల చుక్క నిక్షేపంలా ఉంది, గాలి దాని ఒంటిని పొరలు పొరలుగా ఒలుస్తోంది. ఇన్నేళ్లూ అందరినీ వెర్రివాళ్లను చేశావు కదా! నువ్వు చేసే పని చూడనిస్తే నీ సొమ్మేం పోయింది?

పైగా సాక్ష్యం కూడా మిగల్చవు. వ్యాసం పదో వంతు ఉన్న వెయ్యి తుంపరలుగా చీలితే ఉపరితలం పది రెట్లు, ఒక్కో తుంపర ఆయుష్షు వందో వంతు. ఇంజన్‌లో ఇంధనపు చుక్కలు ఇదే పని చేస్తే మెచ్చుకుంటారు, అది వేరే సంగతి. నువ్వు మాత్రం ఆవిరి కాకుండా మిగిలిందంతా తెచ్చి కెమెరా చూసే కిటికీ అద్దానికి పూస్తావు. ఇప్పటికి తొమ్మిదిసార్లు తుడిచాను.

ఇక ఆ ఒక్కటి. విసుగొచ్చి గాలి వేగం తగ్గించి వదిలిన 43వది. బిళ్లలా చదునై, నడుమ సంచిలా ఉబ్బి, చుట్టూ లావుపాటి ఉంగరంతో, పగలడానికి ఒక్క బొమ్మ ముందు దొరికావు. పొర ఎంత పలచనంటే వెనకున్న గీతలు కూడా కనిపిస్తున్నాయి. అరగంట నుంచి దాన్నే చూస్తున్నాను.

సూదిలో ఇంకా నీళ్లున్నాయి. అద్దం తుడిచి వస్తాను, కదలకు.

ఇట్లు,
చేతిలో తడిగుడ్డతో,
తమ విధేయుడు