కొత్త క్రాస్ గారికి, పాత జీపు తరఫున

శ్రీయుత 1350 సిరీస్ ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ గారికి,

కోనసీమ నుంచి నమస్కారాలు. ఇంజిన్ బలాన్ని చక్రాల వైపు మోసే పొడవాటి షాఫ్టు చివర, అది వంగి తిరగడానికి వీలిచ్చే ప్లస్ గుర్తు ఆకారపు ఉక్కు కీలు తమరు. మా బావగారి జీపు కిందికి తమరు దయచేసినందుకు సంతోషం. ఆ సంతోషాన్ని కళ్లారా చూడాలంటే నేల మీద వెల్లకిలా పడుకోవాలి, అది వేరే సంగతి.

ఎక్కడికి వచ్చారో తమరికి ఎవరూ చెప్పినట్లు లేరు. ఇటు గౌతమి, అటు వసిష్ఠ, మధ్యలో అంతా ఒండ్రు నేల. లాకుల దగ్గరా వంతెనల దగ్గరా తప్ప గట్టి రాయి కంటపడదు. తమరేమో చక్రం బండల సందున ఇరుక్కున్నప్పుడు ఇంజిన్ బలమంతా భరించడానికి పుట్టినవారు. ఇక్కడ తమకు దక్కే మహా సాహసం కాలువ గట్టు దిగి, ఇసుక దాటి, లంక తోటలో కొబ్బరికాయల లెక్క చూసుకుని రావడం. మారేడుమిల్లి ఘాటు ఎక్కుదామని బావగారు ప్రతి సంక్రాంతికీ అంటారు. అనడానికి డీజిలు ఖర్చు లేదు.

ముందు పెద్ద టైర్లు వచ్చాయి. అవి బాడీకి రాసుకుంటున్నాయని జీపును ఎత్తు చేయించారు. దాంతో షాఫ్టు వాలు పెరిగింది. క్రాస్ ఎంత వంగి తిరిగితే షాఫ్టు వేగం అంత ఒడుదొడుకులవుతుంది. ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. అవతలి చివర క్రాస్ కూడా అంతే కోణంలో ఉంటే ఆ తేడా సర్దుకుంటుంది. ఎత్తు చేసిన జీపులో ఆ రెండింటికీ పొత్తు కుదరలేదు. బండి వణకడం మొదలుపెట్టింది. వణుకు వినిపించకుండా బావగారు పెద్ద స్పీకర్లు పెట్టించారు.

తమకు ముందున్న చిన్న సైజు క్రాస్ 1310 గారిని ఊడదీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. క్రాస్ కొమ్ముకు తొడిగిన గిన్నెలాంటి క్యాపు లాగితే గ్రీజు జాడ లేదు, ఎర్రటి తుప్పు పొడి రాలింది. లోపలి సూది రోలర్లు కొన్ని నుజ్జయ్యాయి. మిగిలినవి క్రాస్ కొమ్ము మీద గోటికి తగిలేటంత గాట్లు పెట్టాయి. వరద నీళ్లలో ముంచి, ఓడలరేవు ఉప్పు గాలిలో తిప్పి, గ్రీజు మొహం చూపించకపోతే ఉక్కు మాత్రం ఏం చేస్తుంది? మెకానిక్ అదే అన్నాడు. బావగారు మాత్రం సైజు చిన్నదని తీర్పు ఇచ్చేశారు.

1310 గారి క్యాపు వ్యాసం 27 మిల్లీమీటర్లు, తమరిది 30. ఆ మూడు మిల్లీమీటర్ల పెద్దరికానికి ఎంత తతంగం! పెళ్లికొడుకు వెంట విడిదికి దిగిన బంధువుల్లా క్రాస్‌ను పట్టుకునే కొత్త యోకులు, షాఫ్టుకు కొత్త చెవులు, ఆపైన బ్యాలెన్సింగ్ కూడా వచ్చాయి. ఇంత ఖర్చు పెట్టి, తమరిని యోకుకు పట్టి ఉంచే యూ బోల్టుల దగ్గరికి వచ్చేసరికి బావగారిలోని పొదుపరి మేల్కొన్నాడు. పాత వాటినే కాస్త సాగదీసి వాడలేమా అని అడిగారు. మెకానిక్ దండం పెట్టి కొత్తవి తెప్పించాడు. ఆ తర్వాత బావగారే స్వయంగా పానా అందుకుని, పళ్లు బిగబట్టి తిప్పబోయారు. మితిమీరి బిగిస్తే క్యాపు గుండ్రదనం పోయి లోపల సూదులు పట్టేస్తాయని చెప్పి, మెకానిక్ పానా లాక్కున్నాడు. ఆ రోజు షెడ్డులో ఇంజనీరింగ్ తెలిసినవాడు అతనొక్కడే.

నాకు దిగులు ఇంకోటి. పాతాయన బలహీనుడే కానీ, బరువు మీద పడితే తానే విరిగి మిగతావాటిని కాపాడేవారు. కొత్త క్రాస్ మర్నాటికల్లా వచ్చేది. తమరు అంత తేలిగ్గా విరగరు. ఇకపై ఆ దెబ్బ వెనక యాక్సిలైనా, గేర్లైనా తినాలి. అవి విరిగితే బావగారు వాటికీ పెద్ద సైజు వెతుకుతారు.

కనుక మనవి ఒక్కటే. తమ నడుము దగ్గర గ్రీజు ఎక్కించే నిపుల్ ఉంది. బావగారికి ఎల్ఈడీ దీపాల స్విచ్చులు ఎక్కడెక్కడున్నాయో కళ్లు మూసుకున్నా తెలుసు. ఈ నిపుల్ సంగతి మాత్రం ఇంకా తెలియదు. ఏదో ఒక కిర్రు శబ్దం చేసి, స్పీకర్లను దాటి ఆయన చెవిన పడేలా చూడండి.

ఇట్లు,
జీపు ఆగినప్పుడల్లా ట్రాక్టరు, తాడు పట్టుకొచ్చే బావమరిది