ముందు ఎవరి వంతు?

తమ్ముడు: జాతి వివక్ష మీదా, ఆడవాళ్ల మీది వివక్ష మీదా ఒకేసారి పోరాడాలంటావు. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏ ఒడ్డుకూ చేరం అక్కా. అమెరికానే చూడు. 1870లో పదిహేనో సవరణతో నల్లజాతి మగవాళ్లకి ఓటు, 1920లో పంతొమ్మిదో సవరణతో ఆడవాళ్లకి. పోరాటాలు ఒకదాని తర్వాత ఒకటే గెలవాలి.

అక్క: మధ్యలో 1913 ఉంది రా. మార్చి 3న వాషింగ్టన్‌లో ఓటు కోసం ఆడవాళ్ల ఊరేగింపు. షికాగో నుంచి వచ్చిన నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్‌ని వెనక నల్లవాళ్ల వరసలో నడవమన్నారు. దక్షిణాది తెల్ల ఆడవాళ్లు నొచ్చుకుంటారట! ఆవిడ చూసే జనంలో నిలబడి, తన రాష్ట్రం ఇల్లినాయ్ జట్టు దగ్గరికి రాగానే అందులోకి దిగి నడిచింది. నీ 'తర్వాత' అంటే ఆ వెనక వరసే.

తమ్ముడు: అది అవమానమే, కాదనను. కానీ టెనసీ రాష్ట్రం ఒప్పుకుంటేనే కదా పంతొమ్మిదో సవరణ నెగ్గింది? అదీ దక్షిణాదే.

అక్క: నెగ్గి ఏమైంది? 1962లో మిసిసిపీ రాష్ట్రంలో ఫానీ లూ హేమర్ అనే నల్లజాతి ఆవిడ ఓటరుగా పేరు రాయించుకోవడానికి వెళ్లింది. ఆ రోజే యజమాని ఆమెను పొమ్మన్నాడు. పద్దెనిమిదేళ్లు పనిచేసిన పత్తి తోట అది.

తమ్ముడు: అందుకే 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో జాతి వివక్షనీ లింగ వివక్షనీ రెండింటినీ నిషేధించింది. ఇంకేం కావాలి?

అక్క: సెయింట్ లూయిస్‌లో ఐదుగురు నల్లజాతి ఆడవాళ్లు కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ మీద కేసు వేశారు. మాంద్యం వస్తే చివర చేరినవాళ్లని ముందు తీసేశారు. 1970 తర్వాత చేరిన నల్ల ఆడవాళ్లంతా పోయారు. అంత ఆలస్యంగా ఎందుకు చేరారు? 1964కి ముందు వాళ్లని పనిలోకే తీసుకోలేదు గనక. 1976లో జడ్జి ఏమన్నాడు? ఆడవాళ్లని తీసుకున్నారుగా అన్నాడు. ఆ ఆడవాళ్లు తెల్లవాళ్లు! జాతి సంగతైతే వేరే కేసులో కలవమన్నాడు. రెండూ కలిపి అడగడం కుదరదట.

తమ్ముడు: ఆ జడ్జి టెన్షన్ నాకు అర్థమైంది. ఇవాళ రెండు కలిపితే, రేపు వయసు, మతం... అంతెక్కడ?

అక్క: లిస్టులో పేర్లు కొట్టేసినప్పుడు ఆ లెక్క ఎవరికీ అడ్డురాలేదే! 1989లో న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లే క్రెన్షా దీన్ని నాలుగు రోడ్ల కూడలితో పోల్చింది. ఏ బండి గుద్దిందో తేలితేనే అంబులెన్స్ పిలుస్తామంటే, నడిమధ్య పడ్డ మనిషి గతేంటి?

తమ్ముడు: అయినా జనబలం కావాలక్కా. విడిపోతే ఎలా?

అక్క: వెల్స్ నడిచింది ఇల్లినాయ్ జట్టులోనే. హేమర్ 1964లో అట్లాంటిక్ సిటీలో, డెమోక్రాటిక్ పార్టీ మహాసభ దగ్గర మాట్లాడింది మిసిసిపీ నల్లవాళ్లందరి ఓటు కోసం. విడిగా నడవమన్నది ఎవరు రా?